కంట్లో తెల్లచుక్క

(పదకొండో భాగం)

పోయినవారం మనం పెన్సిలును ఆమె గదిలో, కంటికి భూతద్దం ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉండగా వదిలేసి వచ్చేశాం. ఒక మనిషిని వారం రోజులు అలా కూర్చోబెట్టడం అన్యాయమే. అయితే ఆమె అన్నయ్య మూడు నెలలుగా జైల్లో కూర్చున్నాడు. జాలి పడదలచుకుంటే ముందు అతని మీద పడాలి.

కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు. పెన్సిలు అన్నది ఆమె పేరు కాదు. ఫోటో స్టూడియోలో నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలూ ముడతలూ సరిచేయడం ఆమె పని. ఆ పెన్సిలు ఎప్పుడూ జుట్టుముడిలో గుచ్చుకుని ఉంటుంది కాబట్టి అందరి నోటా అదే పేరు నిలిచిపోయింది. అదే స్టూడియోలో కెమెరా పట్టే ఆమె అన్నయ్య మీద హత్యానేరం పడింది. పోయినవాడు రేవు దగ్గర గోడౌన్ యజమాని. తుపాకి దొరకలేదు, చూసినవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా ఒక ఫోటో. గోడౌన్ వెనకగేటులోంచి అన్నయ్య బయటికి వస్తూ తల తిప్పి చూస్తున్న ఫోటో. పక్కన నిలబడ్డ లారీ హత్య జరిగిన సాయంత్రం తప్ప మరెప్పుడూ అక్కడికి రాలేదట. ఎవరు తీశారో తెలియదు, పేరులేని కవర్లో పోలీసులకి చేరింది. అన్నయ్య మాత్రం తాను ఆ ఛాయలకే పోలేదని మొత్తుకుంటున్నాడు. సోమవారం తీర్పు. నేరం రుజువైతే ఉరి. అన్నయ్య తరఫు వకీలుగారు దయతలిచి ఆ ఫోటో ప్రింటు ఒక రోజుకి చెల్లెలి చేతికిచ్చారు.

ఇక ఆ ప్రింటులో ఆమె చూసిందేమిటో చెప్పాలి. అన్నయ్య రెండు కళ్ళలోనూ, నల్లగుడ్డుకి ఎడమ పైమూలన, ఆవగింజలో నాలుగోవంతు లేని తెల్లచుక్క ఒక్కొక్కటి ఉంది.

మామూలు మనుషులకి ఇదేమంత వింత కాదు. స్టూడియోలో కిటికీ ఎదురుగా కూర్చుని తీయించుకున్న ఏ ఫోటోలోనైనా ఆ వెలుగు కంట్లో పడి చుక్కలా మెరుస్తుంది. ఒకవేళ మెరవకపోతే పనితెలిసినవాడు పెన్సిలుతో పెడతాడు. దాన్ని జీవం పెట్టడం అంటారు. ఈ ఫోటోలో కిటికీ లేదు. ఉన్న ఒక్క దీపమూ గేటు పైన, మనిషి వీపు వెనకాల వెలుగుతోంది. వెనకనున్న దీపం కంట్లోకి రాదు. ఎవరో ఒకరు ఆ చుక్క పెట్టి ఉండాలి. సరిగ్గా ఆ మూలన, అంత సన్నగా, మొన కాస్త తిప్పి వదిలే చెయ్యి ఒక్కటే ఉందని ఆమెకి తెలుసు. అమ్మా నాన్నా పోయాక ఇద్దరు పిల్లలకీ అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. అదే స్టూడియోలో రీటచింగు చేస్తూ, ఆమెకి ఈ పని నేర్పిన మామయ్యది.

అది తెలిశాక ఆమె కూలబడి ఏడ్చిందని రాస్తే చదవడానికి బావుండును. కానీ ఆమె ఏడవలేదు. ముఖం కడుక్కుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది, ప్రింటును అట్టల మధ్య పెట్టి సంచిలో వేసుకుంది, రోజూ వెళ్ళే వేళకే పనికి వెళ్ళింది. తాడో పేడో ఈరోజే తేల్చుకోవాలని దారిలోనే నిశ్చయించుకుంది.

శనివారాల్లో స్టూడియో ఒంటిగంటకే మూసేస్తారు. ఆవేళ పొద్దుటినుంచీ వాన. యజమాని గొడుగు వేసుకుని ఇంటికి వెళ్ళేదాకా ఆమె ఎవరో పెళ్ళికొడుకు గడ్డం మీది మచ్చ చెరుపుతూ కూర్చుంది. తర్వాత వీధితలుపు గడియపెట్టి, మెట్లకింద ఉన్న రీటచింగు గదిలోకి వచ్చి, ఆ తలుపు కూడా వేసింది.

ఆ గదిలో ఇద్దరు పడితే మూడోవాడు ఊపిరి పీల్చలేడు. ఏటవాలు బల్ల, దాని మధ్య పాలగాజు, గాజు కింద కిటికీ వెలుగును పైకి మళ్ళించే అద్దం. కిటికీకి చెక్కపలకల తెర. ఆ సందుల్లోంచి వచ్చే వానవెలుగు మామయ్య ముఖం మీద చారలు చారలుగా పడుతోంది. ఆయన తలెత్తకుండానే, అన్నం తిన్నావా అని అడిగాడు. ఆమె ప్రింటును తీసి పాలగాజు మీద పెట్టింది.

"నాకో పాఠం చెప్పాలి మామయ్యా."

"నాకు తెలిసినదంతా నీకెప్పుడో చెప్పేశాను కదే" అని నవ్వబోయి, ఫోటో చూసి ఆగిపోయాడు.

"ఇందులో వెలుగు ఎటునుంచి వస్తోంది?"

ఆయన కళ్ళజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడిచాడు. వెనకనుంచి, అన్నాడు. ముఖం మీదికి ఎంత పడుతుందని అడిగింది. చెంప అంచున కాస్త, అన్నాడు.

"మరి కంట్లోకి?"

నేల మీద వాననీళ్ళు ఉండి ఉంటాయేమో, వాటి మెరుపేమో అన్నాడు. నీళ్ళ మెరుపు కిందనుంచి వస్తుంది, చుక్క పైన ఉంది అంది ఆమె. లారీ దీపమేమో అన్నాడు. లారీ ముఖం అటువైపు తిరిగి ఉంది, కావలిస్తే చూసుకో అంది. ఒక్కొక్క దారీ ఆమె మూసుకుంటూ వస్తోంటే ఆయన కుర్చీలో ఇంకా ఇంకా వెనక్కి జరిగాడు. జరగడానికి గోడ ఉంది. చివరికి భూతద్దం తీసుకుని ఫోటో మీదికి వంగాడు.

ఆయన తప్పించుకుంటాడనో, కోప్పడతాడనో, ఏడుస్తాడనో ఆమె అనుకుంది. ఆయన ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇది నేను పెట్టినట్టు గుర్తులేదు తల్లీ" అన్నాడు మామయ్య.

ఒప్పుకోవడమంటే ఇక అదే. ఆ తర్వాత ఆమె అడగకుండానే అన్నీ చెప్పాడు. మూడు మధ్యాహ్నాలు పట్టిందట. తల ఒక నెగటివులోంచి, ఒళ్ళు ఇంకో నెగటివులోంచి తీసుకుని, మెడదగ్గర అతుకు కనపడకుండా కాలర్ నీడ దించి, అతికిన బొమ్మను మళ్ళీ ఫోటో తీసి కొత్త నెగటివు చేశాడట. ఏ నిపుణుడు చూసినా పట్టుకోలేనంత జాగ్రత్తగా చేశానని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా పలికింది, పాపం ఆయనకే తెలియకుండా. అన్నీ అయ్యాక చివర్లో పెన్సిలు మొన అలవాటుగా రెండు కళ్ళనీ తాకి ఉంటుంది. నలభై ఏళ్ళుగా చచ్చిన కన్నుతో ఒక్క ముఖమూ ఆయన బల్ల దాటి పోలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఎవరి కోసం చేశావని ఆమె అడిగింది.

ముత్యాలావిడ కోసం.

ఆవిడ మనకి కొత్త కాదు. చనిపోయిన గోడౌన్ యజమాని భార్య, మెడలో మూడు పేటల ముత్యాలు లేకుండా గుమ్మం దాటని మనిషి. పదిహేనేళ్ళుగా ఏడాదికొక ఫోటో ఈ స్టూడియోలోనే తీయించుకుంటుంది. రీటచింగు మామయ్యే చేయాలి, మరొకరి చెయ్యి పడకూడదు. ఆవిడ ముఖంలో ఏ ముడత ఎప్పుడు మొదలైందో కట్టుకున్నవాడికైనా తెలుసో లేదో, మామయ్యకి మాత్రం అంగుళం అంగుళం తెలుసు. ఆ ముడతలన్నీ ఒక్కొక్కటే చెరుపుతూ చెరుపుతూ ప్రేమలో పడ్డాడు పిచ్చిమనిషి. పెళ్ళి చేసుకోకపోవడానికి ఈ పిల్లలిద్దరి పెంపకమే కారణమని చుట్టాలంతా మెచ్చుకునేవారు. పెన్సిలు కూడా ఇన్నాళ్ళూ అదే నమ్మింది.

ఆ సాయంత్రం ఆవిడ కబురు పెట్టిందట, గోడౌను దగ్గరికి ఒకసారి రమ్మని. కబురు రావడమే తడవు ఈయన జుట్టు దువ్వుకుని పరుగెత్తాడు. లోపల మెట్లమీద ఆవిడ భర్త నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు. ఆవిడ లేదు. గుండె జారిపోయి వెనకగేటులోంచి బయటపడ్డాడు. ఎవరో పిలిచినట్టై తల తిప్పాడు. అంతే.

పెన్సిలు ప్రింటును మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అంటే అసలు ఫోటోలో ఉన్నది..."

"నేనే." ఆయన తన గడ్డం పట్టుకుని చూసుకున్నాడు. "వారం తర్వాత ఆ నెగటివు తెచ్చి నా ముందు పెట్టారు. ఈ ఫోటో పోలీసులకి పోవడం ఖాయం, ఇందులో మీ ముఖం ఉంది, మీ చేతిలో పెన్సిలు ఉంది, ఇక మీ ఇష్టం అందావిడ. నా ముఖం ఉంచేస్తే నన్ను పట్టుకుంటారు. తీసేస్తే ఆ చోట ఇంకొకటి కావాలి."

"ఎవరిదైనా పెట్టచ్చుగా. బీరువాలో వేలమంది ఉన్నారు."

"మెడ అలా తిరిగి ఉండాలి కదమ్మా. వెలుగు కుదరాలి. మూడు అరలు వెతికాను. ఒక్కటే కుదిరింది." భూతద్దాన్ని బల్లమీద బోర్లించాడు. "కుదిరినప్పుడు అది ఎవరిదని చూడలేదు. చూడకూడదని చూడలేదు. రెండేళ్ళు పడి బయటికి వచ్చేస్తాడులే అన్నారు. నమ్మాను."

ఆమెకి ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది. జ్వరం వచ్చినప్పుడు ఈ మనిషి తన మంచం పక్కన నేలమీద పడుకున్న సంగతీ అదే క్షణంలో గుర్తొచ్చింది. రెంటినీ పక్కకి నెట్టి, సొరుగులోంచి తెల్లకాగితం తీసి బల్లమీద పెట్టింది.

"నిన్ను తిట్టడానికి రాలేదు మామయ్యా. క్షమించడానికీ రాలేదు. అన్నయ్యని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాను. మొదటినుంచీ రాయి."

ఆయన కాదనలేదు. ఎన్నాళ్ళుగానో ఎవరైనా ఈ మాట అంటారా అని చూస్తున్నవాడిలా కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆయన రాస్తోంటే ఆమె ముందుగదిలోకి వెళ్ళి వకీలుగారికి ఫోన్ చేసింది. దొరికిందండీ అంది. చుక్క సంగతీ, మామయ్య రాస్తున్న కాగితం సంగతీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వకీలుగారు ఎంతో ఆప్యాయంగా, ఎక్కడికీ కదలవద్దనీ, ఎవరికీ చెప్పవద్దనీ, పావుగంటలో తానే కారు తీసుకుని వస్తాననీ అన్నారు. మూడు నెలల్లో మొదటిసారి ఆమెకి ఆకలి తెలిసింది.

తిరిగి వచ్చేసరికి మామయ్య కింద సంతకం పెడుతున్నాడు. వకీలుగారు బయల్దేరారని ఆమె చెప్పగానే ఆయన ముఖాన నెత్తుటిచుక్క లేకుండా పోయింది.

"ఆయనకి చెప్పావా?"

"చెప్పకపోతే ఎలా? అన్నయ్య వకీలు ఆయనేగా. నువ్వేగా కుదిర్చావు."

"కుదర్చమన్నది ఆవిడ. నెగటివు తెచ్చి నా చేతిలో పెట్టింది ఆయన" అన్నాడు మామయ్య. "రెండేళ్ళు పడతాయని చెప్పింది కూడా ఆయనే. గేటు దగ్గర నన్ను పిలిచిన గొంతు కూడా ఆయనదేనని నాకు తర్వాత తెలిసింది."

కేసు గెలుస్తామని వారం వారం ధైర్యం చెప్పిన మనిషి. నయాపైసా అడగని మనిషి. కోర్టులో ఉండాల్సిన ఫోటో ప్రింటును దయతలిచి ఇంటికిచ్చిన మనిషి. దయ కాదది. తెలిసిన కన్ను ఆ అతుకును పట్టుకుంటుందో లేదో తీర్పుకి ముందే తెలుసుకోవడానికి ఇచ్చాడు. పట్టుకున్నానని ఆమే ఫోన్ చేసి మరీ చెప్పింది. తన నోటితో తనే అన్నయ్య మెడకి ఉచ్చు బిగించినంత పని చేసింది.

భయపడటానికి ఒక నిమిషం ఇచ్చుకుంది. నిమిషం అయిపోయింది.

పారిపోదామన్నాడు మామయ్య. ఎక్కడికని ఆమె అడిగింది. పోలీసుస్టేషను వానలో అరగంట నడక, ఫోన్ చేసినా వకీలుగారి మాట కాదని తమ మాట నమ్మి పరుగెత్తుకొచ్చేవాళ్ళు లేరు, కారు పది నిమిషాల్లో వస్తుంది, దారిలోనే దొరికిపోతారు. దొరికితే కాగితం చింపడానికి క్షణం చాలు. చింపినా పోనిది ఏదైనా కావాలి. ఆమె మామయ్య చేత వకీలు సంగతి కూడా కింద మూడు వరుసలు రాయించి, రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి, గిరాకీలు కూర్చునే కుర్చీలో కూలేసింది. పెద్దదీపాలు రెండూ వేసింది.

"కాగితం గుండెలకి ఆనించి పట్టుకో. అక్షరాలు నావైపు."

కెమెరా నల్లగుడ్డ కిందికి దూరి చూస్తే గాజు మీద మామయ్య తలకిందులుగా కనిపించాడు. ముసలివాడైపోయాడు. అలవాటు కొద్దీ గడ్డం కొంచెం ఎత్తి, భుజాలు సర్దుకున్నాడు, వేలమందికి తాను చెప్పినట్టే. రాత స్పష్టంగా పడేలా సరిచూసుకుని, కదలకు అంది. ఆయన కదలలేదు. మీట నొక్కింది.

రెండోది తీయడానికి వేళ లేకపోయింది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

కడగని ఫిల్ము ఉన్నా లేనట్టే. పెట్టె మూత ఎవడు లాగినా వెలుగు తగిలి నల్లబడి చస్తుంది. కడిగి, బొమ్మను చెరగకుండా నిలిపే హైపో మందులో తేల్చాకే అది సాక్ష్యం. మామయ్యకి ఆ సంగతి ఆమె చెప్పనక్కర్లేదు. ఆమెని డార్క్‌రూమ్‌లోకి నెట్టాడు.

"తొమ్మిది నిమిషాలు. ఏం విన్నా తలుపు తియ్యకు."

లోపల గడియ వేసి, ఎర్రబల్బు వెలుగులో ఫిల్మును మందు తొట్టెలో వేశాక గుర్తొచ్చింది ఆమెకి. కాగితం ఆయన చేతిలోనే ఉండిపోయింది.

మామయ్య వీధితలుపు గడియ తీయడం వినిపించింది. గొడుగు దులిపిన చప్పుడు. వకీలుగారి తేనెలాంటి గొంతు, అమ్మాయి ఏదని. మామయ్య గొంతు ఎక్కడా వణకలేదు.

"మీకు ఫోన్ చేసి భయమేసి వెళ్ళిపోయిందండీ. దాంతో పనేముంది, కాగితం నా దగ్గరుంది. పదండి, దార్లో మాట్లాడుకుందాం."

ఆమె చెయ్యి తనంత తానే గడియ మీదికి వెళ్ళింది. ఆయన తనని కాపాడుతున్నాడా, అమ్మేస్తున్నాడా? నిన్నటిదాకా అయితే ప్రమాణం చేసి చెప్పేది. ఇప్పుడు చెప్పలేకపోయింది. తలుపు తీస్తే వెలుగు పడుతుంది, ఫిల్ము పోతుంది, దానితో అన్నయ్య పోతాడు. తీయకపోతే మామయ్య ఆ కారు ఎక్కుతాడు. ఎక్కినవాణ్ణి వాళ్ళు మళ్ళీ దింపుతారని ఆమె అనుకోలేదు.

తొట్టెలోని ఫిల్ము మీద కాగితం ఆకారం నల్లగా తేలుతోంది. మధ్యలో సన్నగా, తెల్లగా, మామయ్య చేతిరాత.

గడియ మీదినుంచి చెయ్యి తీసేసింది. తొట్టె అంచు పట్టుకుని, ఆయన నేర్పినట్టే మెల్లగా ఊపుతూ నిలబడింది. కారు తలుపు పడింది. ఇంజను రేగింది, వీధి మలుపు దాకా వినిపించి దూరమైపోయింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే లెక్కపెట్టింది. లెక్క తప్పలేదు.

ఆరో నిమిషానికి ఫిల్మును నీళ్ళలో ముంచి హైపోలోకి మార్చింది. ఇంకో మూడు నిమిషాలు ఆగితే ఎంత వెలుగు పడినా దానికేం కాదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంటే హాల్లో గిరాకీల కుర్చీ కిర్రుమంది.

కారులో అందరూ వెళ్ళలేదు.

"ఈ ఏడాది ఫోటో ఇంకా తీయించుకోలేదమ్మా" అంది హాల్లోంచి ఒక ఆడగొంతు, తీరిగ్గా. పదిహేనేళ్ళుగా ఆమెకి తెలిసిన గొంతు. "దీపాలు కూడా వేసే ఉన్నాయి. లోపల ఇంకా ఎంతసేపు?"

ఆమె జుట్టులోంచి పెన్సిలు తీసి, మొన పైకి వచ్చేలా పిడికిట్లో బిగించింది. తలుపుకి ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుంది.

"మూడు నిమిషాలండీ. కూర్చోండి."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. ఆవిడ లేచింది.